విద్యాసుందరి బెంగుళూరు నాగరత్నమ్మ

ప్రతి సంవత్సరం పుష్య బహుళ పంచమినాడు తంజావూరు సమీపాన గల తిరువయ్యారులో, కావేరీ తీరాన, వందలాది సంగీత విద్వాంసులు వరుసలు తీరి కూర్చుని త్యాగరాజస్వామి పంచరత్న కీర్తనలను ఏకకంఠంతో గానం చేస్తారు. ఆ గోష్ఠిలో పురుషులతోపాటు స్త్రీలూ ఉంటారు. తమిళనాట, తెలుగు కీర్తన, సర్వ ప్రాంతాల గాయకుల నోట పలికే ఆ దృశ్యం చూచినవారికి ఇది అనాదిగా ఇట్లే సాగుచున్నదేమో అనిపిస్తుంది. అయితే ఆ సన్నిధిలో స్త్రీ కంఠం వినిపించడానికి వీలులేని రోజులుండేవి. స్వామి సమాధికి గుడియే లేని రోజులూ ఉండేవి. ఆ రెండు లోపాలనూ తీర్చిన మహిళ సమాధి అక్కడికి అతి సమీపంలోనే, స్వామి సన్నిధికి అభిముఖంగా ఉన్నది. ఆమె విద్యాసుందరి బెంగుళూరు నాగరత్నమ్మ.

కన్నడ దేశంలో పుట్టి, తెలుగు సాహిత్యాన్ని తన సొత్తుగా చేసుకొని, తమిళనాట కన్నుమూసిన నాగరత్నమ్మ జీవితం, పుట్టిన ఇల్లూ చేపట్టిన వృత్తీ ఇవ్వలేని ఆత్మీయ స్థానాన్ని ఒక మనిషి తన సేవచేత సంపాదించుకొనిన కథ.

బాల్యం, విద్యాభ్యాసం

నాగరత్నమ్మ 1878వ సంవత్సరం నవంబరు 3వ తేదీన మైసూరు సమీపంలోని నంజనగూడులో జన్మించింది. తల్లి పుట్టలక్ష్మి దేవదాసీ కులానికి చెందిన స్త్రీ. తండ్రి సుబ్బారావు అనే న్యాయవాది. ఆయన తల్లీబిడ్డలను విడిచిపెట్టాడు. ఆ కాలపు సంఘంలో దేవదాసికి పుట్టిన బిడ్డకు తండ్రి పేరు చెప్పుకొనే అధికారం లేదు. ఇతర గృహాల్లోని ఆడపిల్లవలె వివాహమై మెట్టినింటికి వెళ్లే మార్గమూ లేదు. ఉన్న ఆస్తి ఒక్కటే, అది విద్య.

పుట్టలక్ష్మి దిగులుతో కూర్చునే స్త్రీ కాదు. మైసూరు ఆస్థానంలో సంస్కృత పండితుడైన గిరిభట్ట తిమ్మయ్య అండ దొరకగా, ఆయన వద్ద కూతురికి సంస్కృతం నేర్పించింది. శిష్యురాలి మేధ పసితనంలోనే అందరినీ ఆశ్చర్యపరచింది. కాలక్రమాన ఆ అండ కూడా తొలగిపోయింది. తన కుమార్తెను అందరూ మెచ్చే విదుషిని చేసిన తరువాతనే మళ్లీ మైసూరులో అడుగు పెడతానని తల్లి పంతం పట్టి బయలుదేరినదని నాగరత్నమ్మ జీవితం తెలిసినవారు చెపుతారు. అనంతరం బెంగుళూరులో బాలికకు సంగీతం, నాట్యం, ఫిడేలు నేర్పించే ఏర్పాటు జరిగింది. కన్నడం, తెలుగు, ఇంగ్లీషు భాషలూ వచ్చాయి.

సంగీతంలో ఆమెకు గురువు మునుస్వామప్ప. వాలాజాపేట త్యాగరాజ శిష్యపరంపర సంగీతం ఆయన ద్వారా ఆమెకు సంక్రమించింది. ఆ విధంగా త్యాగరాజస్వామి కృతులు ఆమెకు గురుముఖంగా, పరంపరాగతంగా లభించాయి. ఈ సంగతి ఆమె జీవితపు తరువాతి ఘట్టాలకు బీజం వంటిది. రక్తసంబంధమైన వంశం తనను నిరాకరించినా, విద్యా సంబంధమైన వంశం ఒకటి ఆమెకు బాల్యంలోనే దక్కింది. గురువుకు గురువును వెతుక్కుంటూ పోతే ఆ వంశవృక్షానికి మూలమైన పేరు త్యాగరాజస్వామిది.

పదునాలుగేళ్ల ప్రాయంలో తల్లి మరణించింది. పదిహేనవ యేట ఆ బాలిక మైసూరు విద్వత్సభలో పాడి మెప్పు పొందింది. కన్నతల్లి పంతం నెగ్గింది గాని, చూచి సంతోషించడానికి ఆ తల్లి లేదు.

మద్రాసులో కీర్తి, సంపద

బెంగుళూరులో కొంతకాలం పెద్దల ఆదరణ పొందిన పిమ్మట నాగరత్నమ్మ మద్రాసుకు తరలివచ్చింది. అప్పటి మద్రాసు జార్జిటౌను సంగీతానికి పుట్టినిల్లు. సుప్రసిద్ధ వైణికురాలు వీణ ధనమ్మాళ్ నివాసం ఆ ప్రాంతంలోనే. ధనవంతులైన వర్తకుల పోషణ, సభల ఆహ్వానాలు, కొత్తగా వచ్చిన గ్రామఫోను రికార్డులు, ఇవన్నీ కలిసి నాగరత్నమ్మ పేరును దక్షిణదేశమంతటా వ్యాపింపజేశాయి. సంస్కృత శ్లోకాలనూ తెలుగు పద్యాలనూ రాగమాలికలుగా విస్తరించి పాడటంలో, అర్థాన్ని ఎరిగి సాహిత్యాన్ని పలకడంలో ఆమెది అందెవేసిన చేయి. హరికథ కూడా చెప్పేది.

1905 మొదలు 1934 వరకు తాను చేసిన కచ్చేరీల లెక్క ఆమె వ్రాసి పెట్టుకున్నది. ఆ సంఖ్య 1,235. ప్రయాణ సౌకర్యాలు అంతంతమాత్రంగా ఉన్న ఆ రోజుల్లో ఒక స్త్రీ ఇన్ని సభలలో పాడటం సామాన్యమైన విషయం కాదు. మద్రాసులో ఆదాయపు పన్ను చెల్లించిన తొలి మహిళా కళాకారిణి ఆమెయేనని ప్రసిద్ధి. ఇల్లు, నగలు, నౌకర్లు, పేరు ప్రతిష్ఠలు, అన్నీ సమకూడాయి.

అయినా వెలితి ఒకటి మిగిలిపోయింది. కన్న కుమార్తె దక్కలేదు. బిడ్డను పెంచుకోవాలన్న ప్రయత్నాలూ ఆమెకు సుఖాన్ని ఇవ్వలేదు. సభలో ఆమె పాటకు తలలూపిన పెద్దమనుషులే సభ బయట ఆమె కులాన్ని తలచుకొని ముఖం తిప్పుకొనేవారు. కచ్చేరీ ఉన్నంతసేపు అందరూ తనవారే. కచ్చేరీ ముగిసిన తరువాత తనవారెవరో తెలియని స్థితి. వృత్తి ఆమెకు కీర్తిని ఇచ్చింది, ఇల్లు నీడను ఇచ్చింది. తన స్థానం ఇది అని మనస్సు కుదుటపడే చోటును మాత్రం ఆ రెండూ ఇవ్వలేదు.

ముద్దుపళని కోసం

ఆ చోటును ఆమె మొదట సాహిత్యంలో వెదకింది. పదునెనిమిదవ శతాబ్దిలో తంజావూరును పాలించిన మరాఠా ప్రభువు ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేది. నాగరత్నమ్మ వలెనే ఆమెయూ కళావంతుల ఇంట పుట్టిన విదుషి. ఆమె వ్రాసిన రాధికా సాంత్వనము అనే తెలుగు శృంగార ప్రబంధం 1887లో ఒకసారి అచ్చయినది గాని, ఆ ముద్రణలో కవయిత్రి తన వంశాన్ని చెప్పుకొన్న పద్యాలూ మరికొన్ని పద్యాలూ లోపించాయి. వ్రాతప్రతిని సంపాదించిన నాగరత్నమ్మ రెండింటినీ సరిపోల్చి, లోపించిన భాగాలను పూరించి, పీఠికతో సహా గ్రంథాన్ని పరిష్కరించింది. 1910లో వావిళ్లవారు దానిని ప్రచురించారు. దేవదాసీ కులంలో పుట్టిన కవయిత్రి గ్రంథాన్ని అదే కులంలో పుట్టిన మరొక విదుషి పరిష్కరించి వెలువరించడం తెలుగు ముద్రణ చరిత్రలో విశేషమైన ఘట్టం.

గ్రంథం వివాదానికి గురియైనది. సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ కవుల చరిత్రలో ముద్దుపళని కవిత్వాన్ని శృంగారం మితిమీరినదని అధిక్షేపించి యుండిరి. స్త్రీవిద్యకు, వితంతు వివాహానికి జీవితాన్ని ధారపోసిన మహనీయుని మాట అది. నాగరత్నమ్మ వినయంతోనే గాని గట్టిగా సమాధానం చెప్పింది. పురుష కవులు అంతకు మించిన శృంగారాన్ని వ్రాసినప్పుడు అది కావ్యమై, స్త్రీ వ్రాసినప్పుడు మాత్రమే దోషం ఎట్లా అవుతుందని ఆమె ప్రశ్న. పంతులుగారు స్వయంగా మెచ్చిన వైజయంతీ విలాసము వంటి ప్రబంధాన్నే ఉదాహరణగా చూపింది.

ఫిర్యాదులు ప్రభుత్వం దాకా వెళ్లాయి. 1911లో పోలీసులు ప్రతులను స్వాధీనం చేసుకొన్నారు. పండితులు పలువురు గ్రంథాన్ని సమర్థించినప్పటికీ నిషేధం తప్పలేదు. ముప్పయ్యైదేండ్ల పిమ్మట టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రిగా ఉన్నప్పుడు ఆ నిషేధం తొలగింది. 1952లో వావిళ్లవారు మళ్లీ గ్రంథాన్ని అచ్చువేశారు.

ఈ ఉదంతంలో నాగరత్నమ్మ స్వభావం తేటతెల్లమవుతుంది. మరచిపోబడిన ఒకరి పేరును నిలబెట్టడంలో తన పేరును కూడా ఆమె వెదకుకొన్నది. పెద్దలను గౌరవించింది, తలవంచవలసిన చోట వంచింది, న్యాయం కానిదానికి మాత్రం వంచలేదు. ఈ స్వభావమే తిరువయ్యారులో ఆమెకు అక్కరకు వచ్చింది.

కావేరీ తీరానికి పిలుపు

త్యాగరాజస్వామి పూర్వీకులు కాకర్ల ఇంటిపేరు గల తెలుగు బ్రాహ్మణులు. తమిళదేశంలో స్థిరపడి తరాలు గడిచినా ఇంటి భాషను విడువని కుటుంబం వారిది. స్వామి తిరువారూరులో జన్మించి, తిరువయ్యారులో జీవించి, తుదిలో సన్న్యాసం స్వీకరించి, 1847 జనవరి 6వ తేదీన సిద్ధిపొందారు. కావేరి ఒడ్డున సమాధి వెలసింది. కాని శిష్యులు ఎవరి ఊళ్లలో వారు ఆరాధన జరుపుకొనడంతో ఆ స్థలం క్రమంగా నిరాదరణకు లోనై, పొదలు పెరిగి పాడుబడింది. 1903లో స్వామి శిష్యులైన ఉమయాళ్‌పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ సోదరులు దానిని గుర్తించి బాగుచేయించారు. అనంతరం తిరువయ్యారులో ఆరాధనోత్సవాలు మొదలయినా, నిర్వాహకుల మధ్య భేదాలు పుట్టి పెద్ద కట్చి, చిన్న కట్చి అని రెండు పక్షాలు ఏర్పడ్డాయి. కట్చి అనగా అరవంలో పక్షం. ఉత్సవాలు పోటీగా పెరిగాయి గాని సమాధికి నీడ మాత్రం ఏర్పడలేదు.

1921లో సమాధి దుస్థితిని గూర్చిన లేఖ ఒకటి నాగరత్నమ్మకు చేరింది. అప్పటికి ఆమె వయస్సు నలుబది దాటింది. తిరువయ్యారు వెళ్లి చూచింది. తన నోట నిత్యం మెదిలే కృతులను రచించిన మహానుభావుని విశ్రాంతిస్థానం ఆ విధంగా ఉండటం ఆమె హృదయాన్ని కలచివేసింది. ఆ కృతులవల్ల కదా తనకు అన్నమూ, వస్త్రమూ, గౌరవమూ లభించాయి! ఆ ఋణం తీర్చుకొనడమే తన శేషజీవితానికి పని అని ఆమె నిశ్చయించుకొన్నది.

స్థలాన్ని సంపాదించడానికి అధికారుల చుట్టూ తిరిగింది. నేల బాగుచేయించింది. 1921 అక్టోబరులోనే ఆలయానికి శంకుస్థాపన జరిగింది. కచ్చేరీల వల్ల వచ్చిన ధనాన్ని అందులో పోసింది. చాలనప్పుడు నగలు అమ్మింది. నాలుగేండ్లకు పైగా పని సాగింది. 1926 జనవరి 7వ తేదీన త్యాగరాజస్వామి విగ్రహ ప్రతిష్ఠ, కుంభాభిషేకం జరిగాయి. నిత్యపూజకు ఏర్పాట్లు చేసింది. అర్చనకు వీలుగా స్వామిపై నూట ఎనిమిది నామాలతో సంస్కృతంలో అష్టోత్తర శతనామావళిని తానే రచించింది. బాల్యంలో తిమ్మయ్యగారి వద్ద నేర్చిన సంస్కృతం ఆ విధంగా సార్థకమైనది.

గుడి కట్టిన చేతులకు గుడిలో చోటు

ఆలయం నిలిచింది. ఆరాధన వచ్చింది. రెండు పక్షాలవారూ వచ్చి సన్నిధిలో పూజలు జరిపారు. కాని ఆ సన్నిధిలో పాడటానికి స్త్రీలకు అనుమతి లేదు. అందులోనూ దేవదాసీ కులపు స్త్రీలకు అసలే లేదు. ఇటుక ఇటుక పేర్పించి గుడి కట్టించిన నాగరత్నమ్మకు ఆ గుడి ముందు కూర్చుని ఒక్క కీర్తన పాడుకొనే అధికారం లేకపోయినది.

మరొకరైతే అలిగి వెళ్లిపోయి ఉండేవారు. లేదా కట్టినది తానే గనుక ఎవరినీ రానీయక తలుపులు మూసి ఉండేవారు. నాగరత్నమ్మ ఈ రెండు పనులూ చేయలేదు. 1927లో మద్రాసు నుండీ ఇతర ప్రాంతాల నుండీ సంగీతం తెలిసిన స్త్రీలను సమీకరించి, పురుషుల గోష్ఠులు సాగుచుండగానే ఆలయం వెనుక భాగాన తమ ఆరాధనను ప్రారంభించింది. పాటలు పాడారు. హరికథలు చెప్పారు. లోకులు దానికి పొంబళై కట్చి, అనగా ఆడవారి పక్షం, అని పేరుపెట్టారు. ఎగతాళిగా పెట్టిన ఆ పేరే ఏటేటా గౌరవాన్ని సంపాదించుకొన్నది. వెనుక కూర్చుని పాడే ఆ కంఠాలను వినడానికి జనం కూడసాగారు.

అదే కాలంలో మరొక సంఘర్షణ కూడా ఆమెకు ఎదురైనది. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డిగారు మద్రాసు శాసనమండలిలో దేవదాసీ ఆచార నిర్మూలనకు ఉద్యమించారు. బాలికలను ఆలయాలకు అంకితం చేయడంలోని అన్యాయాన్ని ఆ మహనీయురాలు కళ్లారా చూచినవారు. నాగరత్నమ్మ తన కులపు స్త్రీల సంఘానికి నాయకత్వం వహించి ఆ ప్రయత్నాన్ని ప్రతిఘటించింది. తరతరాల విద్యనూ కళనూ పోషించిన స్త్రీలందరినీ పతితలుగా ముద్రవేసే చట్టం వారి గౌరవాన్నీ జీవనాధారాన్నీ హరిస్తుందని ఆమె వాదించింది. 1947లో చట్టం వచ్చింది. బాలికల రక్షణకు అది అవసరమైనదేనని నేటి లోకం అంగీకరిస్తుంది. అయినను, పోగొట్టుకొన్న స్త్రీల విద్యను గూర్చి, మర్యాదను గూర్చి నాగరత్నమ్మ పడిన ఆవేదన కూడా సత్యమైనదే. సంఘం ఒక తలుపు మూసినప్పుడు ఆ గడపలోని మనుషులు ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు ఆమె తనకు చేతనైన సమాధానం చెప్పింది. త్యాగరాజస్వామి సన్నిధిలో వారికి చోటు కల్పించడమే ఆ సమాధానం.

పక్షాల కలయిక

సంవత్సరాలు గడిచాయి. మూడు పక్షాల ఆరాధనలు విడివిడిగా సాగడం పెద్దలకు విచారం కలిగించింది. ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ వంటి విద్వాంసులూ, ఎస్.వై. కృష్ణస్వామి వంటి అధికారులూ పూనుకొని సంధి కుదిర్చారు. 1941 నుండి ఒకే ఉత్సవం జరిగింది. ఆ ఒడంబడికలో స్త్రీలకు సన్నిధిలో పాడే అవకాశం లభించింది. వెనుక భాగాన కూర్చున్న స్త్రీలు పదునాలుగేండ్ల పిమ్మట ముందుకు వచ్చారు.

అప్పటికే నాగరత్నమ్మకు మద్రాసు మీద మమకారం తగ్గిపోయినది. చివరి దశలో తిరువయ్యారులోనే స్థిరపడి, కావేరిలో స్నానం, స్వామి సన్నిధిలో గానం, ఉత్సవ నిర్వహణ, ఇదే దినచర్యగా జీవించింది. త్యాగసేవాసక్త అనే బిరుదు ఆమెకు వచ్చింది. విద్యాసుందరి అన్న బిరుదు ఆమె విద్యను, రూపాన్ని కీర్తించినది. త్యాగసేవాసక్త అన్న పేరు మాత్రం ఆమె ఎవరికి చెందినదో తెలిపింది. తండ్రి పేరు చెప్పుకొనలేక బాల్యం గడిపిన మనిషికి ఇంతకంటె పెద్ద ఇంటిపేరు ఏముంటుంది?

చివరి పత్రం

1949లో నాగరత్నమ్మ తన మరణశాసనాన్ని వ్రాయించింది. తన స్థిరచరాస్తులను త్యాగరాజస్వామి సన్నిధికే సమర్పించింది. అందులో ఒక నిబంధన ఉన్నది. ఆ సన్నిధిలో పూజించడానికీ గానం చేయడానికీ స్త్రీలకు అవరోధం ఉండరాదు. తనకు ఒకప్పుడు నిరాకరింపబడిన చోటు తన తరువాతివారికి నిరాకరింపబడకుండా చట్టబద్ధమైన కాగితం మీద కట్టుదిట్టం చేసి వెళ్లింది. ఆస్తిని దానం చేసినవారు ఎందరో ఉంటారు. తాను పడిన అవమానాన్ని మరొకరికి తప్పించే షరతుతో దానం చేసినవారు అరుదు.

1952 మే 19వ తేదీన తిరువయ్యారులోనే ఆమె దివంగతురాలయింది. అప్పటికి ఆమె వయస్సు డెబ్బది మూడు సంవత్సరాలు. స్వామి సమాధికి ఎదురుగా ఆమెకు సమాధి నిర్మించారు. అక్కడ ప్రతిష్ఠించిన ఆమె విగ్రహం స్వామి సన్నిధి వైపే చూస్తూ ఉంటుంది. నంజనగూడులో ఆరంభమైన అన్వేషణ అక్కడ, ఆ చూపులో, విశ్రాంతి పొందింది.

ఒక జీవితం చెప్పే మాట

మనిషి పెరిగి పెద్దవాడయ్యేసరికి ఇల్లు, ఉద్యోగం అనే రెండు ఒడ్డుల మధ్య జీవితం సాగిపోతుంది. ఉదయం ఇంటి నుండి పనికి, సాయంకాలం పని నుండి ఇంటికి. ఆ రెండూ అవసరమే. కాని ఆ రెండింటికీ అందని ప్రదేశం ఒకటి ప్రతి మనస్సులోనూ ఉంటుంది. అది నిండని నాడు ఎంత సంపద ఉన్నా, ఎందరు బంధువులున్నా వెలితి తీరదు. నాగరత్నమ్మ ఆ ప్రదేశాన్ని గురుపరంపరలో గుర్తించింది, సేవతో నింపుకొన్నది, దాని తలుపులను ఇతరులకు తెరచింది.

తెలుగు నేలకు దూరంగా తరతరాలుగా నివసిస్తున్న కుటుంబాలకు ఆమె చరిత్రలో ప్రత్యేకమైన ధైర్యం ఉన్నది. ఆమె తెలుగును నేర్చుకొని తనదిగా చేసుకొన్నది. తెలుగు కవయిత్రి గ్రంథాన్ని బ్రతికించింది. తెలుగు వాగ్గేయకారుని సన్నిధిని తమిళనాట నిలబెట్టింది. భాష అయినా, కళ అయినా, భక్తి అయినా, జన్మచేత లభించినంతమాత్రాన మనదైపోదు. శ్రద్ధతో నేర్చి, శ్రమించి కాపాడి, పదిమందికి పంచినప్పుడే మనకు అది, దానికి మనము సొంతమవుతాము. తల్లి చేయి పట్టుకొని చదువు కోసం ఊరు విడిచిన ఆ బాలిక కథను నేటి తల్లిదండ్రులు తమ బిడ్డలకు చెప్పవలసి ఉన్నది. పుష్య బహుళ పంచమినాడు కావేరి ఒడ్డున తెలుగు కీర్తనలు స్త్రీపురుషుల కంఠాల్లో కలిసి వినిపించినంతకాలం బెంగుళూరు నాగరత్నమ్మ పేరు చిరస్మరణీయమై ఉంటుంది.